రెండు బోర్ల మధ్య ఏముంది? బంగారు అన్వేషణలో డ్రిల్లింగ్ ఫలితాలపై తెగని వాదం

బంగారం కోసం నేల తొలిచే కంపెనీ ఒక ప్రకటన ఇస్తుంది: ఫలానా బోరులో 30 మీటర్ల మేర టన్నుకు సగటున 5 గ్రాముల బంగారం తగిలింది. అంకెలో అబద్ధం ఉండకపోవచ్చు. అయితే ఒక్క మీటరులో 150 గ్రాములు పడి, తక్కిన 29 మీటర్లు ఒట్టి రాయే అయినా సగటు అంతే వస్తుంది. బంగారం ఉన్న పట్టీని బోరు అడ్డంగా దాటిందా, పట్టీ వెంబడే కిందికి దిగిందా అన్నదీ ఆ వాక్యం చెప్పదు. పట్టీకి 10 డిగ్రీల కోణంలో సాగిన బోరులో 20 మీటర్ల పొడవున బంగారం కనిపిస్తే, పట్టీ అసలు మందం మూడున్నర మీటర్లే.

ఇలాంటి తికమకలకు విరుగుడు పాఠ్యపుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. తెగనిది వేరే ప్రశ్న. పక్కపక్కన రెండు బోర్లు వేశారు, రెండింటిలోనూ బంగారం తగిలింది, వాటి మధ్య 40 మీటర్ల రాయి ఉంది. ఆ రాయిలో ఏముందని లెక్క రాయాలి? డెబ్బై ఏళ్లుగా దీనికి గణాంకాల వాళ్లు ఒక జవాబు, భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక జవాబు, గని మనుషులు ఒక జవాబు చెబుతున్నారు. ఎవరి జవాబు మీద పెట్టుబడి పెట్టినా మునిగిన సందర్భాలున్నాయి, లాభపడిన సందర్భాలూ ఉన్నాయి.

గింజతో వచ్చే చిక్కు

సింగరేణిలో ఒక బోరులో కనిపించిన బొగ్గు పొరను కొన్ని వందల మీటర్ల అవతల మరో బోరులో గుర్తుపట్టవచ్చు. మధ్యలో భ్రంశం ఉంటే పొర పైకో కిందికో జరుగుతుంది. ఎంత జరిగిందో లెక్కగట్టవచ్చు. బంగారానికి ఈ వెసులుబాటు లేదు. టన్నుకు 5 గ్రాములంటే రాయి బరువులో పది లక్షల్లో అయిదు వంతులు. గని పెట్టడానికి అది మంచి గ్రేడే.

బోరు నుంచి బయటికి తీసే రాతి కడ్డీని కోర్ అంటారు. అన్వేషణలో విరివిగా వాడే ఒక సైజు కోర్ వ్యాసం 47.6 మిల్లీమీటర్లు. మీటరు పొడవు కోర్ బరువు దాదాపు 4.8 కిలోలు. దాన్ని నిలువునా రెండుగా కోసి ఒక సగం భద్రపరుస్తారు, రెండో సగం, అంటే 2.4 కిలోలు, పరీక్షకు వెళుతుంది. టన్నుకు 5 గ్రాముల లెక్కన అందులో ఉండాల్సిన బంగారం 12 మిల్లీగ్రాములు. ఒక మిల్లీమీటరు ఘనమంత బంగారు గింజ బరువే 19 మిల్లీగ్రాములు. ముతక బంగారం ఉన్న చోట, సగటు గ్రేడుకు సరిగ్గా సరిపోయే రాతిలో కూడా ఆ సగం కోర్ ముక్కలో ఒక్క గింజ ఉండకపోవచ్చు. ఉంటే గ్రేడు ఆకాశానికి లేస్తుంది. ఆ 2.4 కిలోలను దంచి, పొడి చేసి, ల్యాబులో కరిగించి బంగారాన్ని వేరుచేసే ఫైర్ అస్సేకు తీసుకునేది మళ్లీ 30 గ్రాములో 50 గ్రాములో. పొడిలో నలగకుండా మిగిలిన ఆ ఒక్క గింజ 30 గ్రాముల గిద్దెలో పడితే ఫలితం టన్నుకు 600 గ్రాములు దాటుతుంది. పడకపోతే సున్నా.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే వజ్రాల వేటకు దిగే జనాన్ని తలచుకుంటే ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఒకరికి రాయి దొరుకుతుంది, వేలమంది ఖాళీ చేతులతో వెనుదిరుగుతారు. ఒట్టి చేతులతో వచ్చినవారిని అడిగితే ఆ నేలలో వజ్రాలే లేవంటారు, దొరికినవారిని అడిగితే ప్రతి చేనూ గనే అంటారు. ఒకే రాతి నుంచి పక్కపక్కన తీసిన రెండు నమూనాల మధ్య కూడా ఇంత తేడా రావడాన్ని ఈ రంగంలో నగెట్ ఎఫెక్ట్ అంటారు. కింద వచ్చే వాదాలన్నింటికీ మూలం ఇదే.

మడతలతో వచ్చే చిక్కు

రెండో చిక్కు రాతి ఆకారానిది. దక్షిణ భారతంలోని ధార్వార్ పట్టీల్లోనూ, కెనడా, పశ్చిమ ఆస్ట్రేలియాల్లోని ప్రాచీన శిలల్లోనూ బంగారం ఎక్కువగా రాళ్లు జారి నలిగిన షియర్ జోన్లలో, పలుగురాయి సిరల్లో చేరింది. భూమి లోతుల నుంచి పగుళ్ల వెంట పైకొచ్చిన వేడి ద్రవాలు, పగులు వంపు తిరిగిన చోటో, రెండు పగుళ్లు కలిసిన చోటో, రాతి రకం మారిన చోటో బంగారాన్ని వదిలాయి. అందువల్ల సిర కిలోమీటర్ల పొడవున ఉన్నా, తవ్వదగ్గ బంగారం అందులో కొన్ని ఏటవాలు పట్టీలకే పరిమితమవుతుంది. వీటిని షూట్లంటారు. షూట్ ఏ దిక్కుకు, ఎంత వాలుతో దిగుతోందో తెలియకుండా నిలువు కోతల మీద గీతలు కలిపితే, ఉన్న బంగారం తప్పిపోతుంది, లేని బంగారం లెక్కలోకి వస్తుంది.

కోలారు ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ. 1880ల తొలి ఏళ్లలో అక్కడ దిగిన బ్రిటిష్ కంపెనీలు షాఫ్టులు దించి డబ్బు దాదాపు పోగొట్టుకున్నాయి. పూర్వులు తవ్వి వదిలిన గుంతల కిందికి దిగాకే ఛాంపియన్ రీఫ్ అనే బంగారు సిర చేతికి చిక్కింది. తర్వాత అదే రీఫ్ వెంట మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లారు. రీఫ్ అంతటా ఒకేలా బంగారం లేదు. షూట్ ఉన్న చోట తవ్వారు, లేని చోట వదిలేశారు. ఆ పాత తవ్వకందారుకు కోర్ లేదు, ల్యాబు లేదు, రాయి ఏ వైపు మడత తిరుగుతుందో మాత్రం తెలుసు.

దీనికి ఎదురు ఉదాహరణగా కెనడాలోని హెమ్లోను చెబుతారు. 1981లో అక్కడ ఖనిజం గట్టిగా తగిలింది 76వ బోరులో. ఈ ముచ్చటను పట్టుదల కథగా చెప్పుకోవడం పరిపాటి. కానీ దాన్ని ముందు 75 బోర్ల వ్యాఖ్యాన చరిత్రగా చదవడం ఉపయోగం. ఆగిపోవడానికి ఎన్ని చెడ్డ బోర్లు చాలు అన్న ప్రశ్నకు అంకె ఏదీ లేదు.

లెక్కల సంప్రదాయం

గణాంకాల మార్గం దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ గనుల్లో పుట్టింది. బంగారు గ్రేడులు మామూలు గంట ఆకారపు వక్రరేఖలో ఇమడవని, తక్కువ విలువలు గుంపుగానూ ఎక్కువ విలువలు పొడవాటి తోకగానూ ఉంటాయని గణాంక శాస్త్రజ్ఞుడు సిచెల్ చూపించారు. డానీ క్రీగ్ 1951లో సమర్పించిన పరిశోధన మరో నిజం బయటపెట్టింది. చుట్టుపక్కల నమూనాలను బట్టి గొప్ప గ్రేడు ఉందనుకున్న దిమ్మల్లో, తవ్వాక అంత రాదు. పేద దిమ్మలనుకున్నవి కాస్త మెరుగ్గా తేలతాయి. ఇది ఎవరి మోసమూ కాదు. కొద్ది నమూనాలతో పెద్ద దిమ్మను అంచనా కట్టడంలోనే ఈ పక్షపాతం ఉంది. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో జార్జ్ మాథెరాన్ ఈ ఆలోచనకు గణిత రూపమిచ్చి, క్రీగ్ పేరు మీద క్రిగింగ్ అన్నారు. ఎంత దూరం వరకు ఒక నమూనా తన పొరుగు రాతి గురించి చెప్పగలదో వేరియోగ్రామ్ అనే గీతతో కొలిచి, ఆ మేరకు బరువులిచ్చి సగటు కట్టడం దాని సారం.

దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్‌కే చెందిన పియర్ జీ అసలు నమూనా తీయడంలోని తప్పునే సూత్రంగా లెక్కగట్టారు. గింజ సైజు తెలిస్తే, నమూనా ఎంత బరువుండాలో ఆ సూత్రం చెబుతుంది. ముతక బంగారానికి అది చెప్పే బరువు చాలాసార్లు ఏ కోర్ ఇవ్వలేనంత పెద్దది. ఈ ఒక్క మాటను పెట్టుబడిదార్ల సమావేశాల్లో ఎవరూ ఎత్తరు.

ఎవరి పక్షం ఏమిటి

నేటి వాదాన్ని స్థూలంగా మూడు పక్షాలుగా చూడవచ్చు. నమూనా పక్షం దృష్టిలో తప్పంతా ల్యాబుకు ముందే జరుగుతుంది. నమూనా పెంచాలి, కిలో పొడిని జల్లించి జల్లెడ మీద మిగిలిన ముతక భాగాన్ని పూర్తిగా పరీక్షించాలి, లేదా ఈ మధ్య ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఫోటాన్ అస్సే లాంటి పద్ధతిలో ఒకేసారి 500 గ్రాములను ఎక్స్‌రేలతో కొలవాలి అంటుంది. ఈ పక్షం చెప్పేది దాదాపు అందరూ ఒప్పుకునేదే. కానీ నమూనా ఎంత శుద్ధంగా ఉన్నా అది ఆ బోరు గురించే చెబుతుంది, పక్కనున్న 40 మీటర్ల గురించి కాదు.

గణాంక పక్షం ఆ ఖాళీని సంభావ్యతతో నింపుతుంది. ఒకే జవాబు ఇవ్వడం తప్పని, బోర్లతో సరిపోయే వంద రకాల భూగర్భ చిత్రాలు గీసి, వాటిలో వచ్చే వ్యత్యాసాన్నే అనిశ్చితిగా చూపాలని దీనిలోని ఆధునికులు అంటారు. బలమైన మాట. అయితే ఆ వంద చిత్రాలూ ఒకే భౌగోళిక ఊహ మీద నిలబడితే, ఊహ తప్పినప్పుడు వందా ఒకేసారి తప్పుతాయి.

మూడోది నిర్మాణ పక్షం. కోర్ భూమిలో ఏ దిశలో ఉండేదో గుర్తు పెట్టి బయటికి తీయాలి, సిరల వాలు కొలవాలి, ముందు వెనుకల క్రమం తేల్చాలి, షూట్ దిశ నిర్ణయించాకే గ్రేడు వైపు చూడాలి అన్నది దీని క్రమశిక్షణ. ముడిపడిన భూగర్భంలో ఈ క్రమమే సరైనదని నా అభిప్రాయం. కానీ ఈ పక్షానికీ ఒక రోగం ఉంది: అందమైన కథను కాపాడుకోవాలన్న మమకారం. ఒకసారి భూగర్భ చిత్రం గీశాక, తర్వాతి బోర్లన్నీ దాన్ని రుజువు చేసే చోటే పడుతుంటాయి.

వీటి పక్కన గని మనుషుల మాట ఒకటుంది. సొరంగం తవ్వి వేల టన్నుల రాయి తీసి, మిల్లులో వేసి చూడాలి, తక్కినదంతా ఊహ అన్నది వారి వాదం. ఖర్చు దృష్ట్యా ఇది అన్వేషణ చివరి దశలోనే సాధ్యం. అప్పుడు కూడా వివాదం ఎలా ముదురుతుందో, కింద చెప్పబోయే కెనడా గని బ్రూస్‌జాక్ చూపించింది.

బుసాంగ్ తర్వాత వచ్చిన నిబంధనలు

ఇండోనేసియాలోని బుసాంగ్ కథ అందరికీ తెలిసిందే. బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ 1997 నాటికి 7 కోట్ల ఔన్సుల బంగారం ఉందంది. భాగస్వామిగా రావాలనుకున్న ఫ్రీపోర్ట్ సంస్థ పాత బోర్ల పక్కనే బోర్లు వేస్తే చెప్పుకోదగ్గ బంగారం తగల్లేదు. ఆ ఏడాది మే నెలలో స్ట్రాత్‌కోనా అనే సలహా సంస్థ, దంచిన నమూనాల్లో బయటి బంగారం కలిపారని తేల్చింది. కోర్‌లో సగం భద్రపరచాలన్న మామూలు ఆచారాన్ని అక్కడ పాటించలేదు, కోర్ మొత్తాన్ని దంచేశారు. దీని తర్వాత కెనడాలో 2001లో ఎన్ఐ 43-101 నిబంధనలు వచ్చాయి. ఆస్ట్రేలియాలో 1989లోనే మొదలైన జోర్క్ కోడ్ అంతకంతకూ బిగిసింది. అర్హుడైన నిపుణుడి సంతకం, నమూనాల కాపలా, మధ్యలో తెలిసిన గ్రేడు నమూనాలు దూర్చి ల్యాబును పరీక్షించడం, అసలు మందం తెలిసినంత మేరకు వెల్లడించడం తప్పనిసరి అయ్యాయి.

ఈ నిబంధనల మీద ఒక విమర్శ మిగిలే ఉంది, అది న్యాయమైనది. ఇవి దొంగను పట్టడానికి రాసినవి. నిజాయితీగా పొరబడినవాణ్ణి ఇవి ఆపలేవు. ఒంటారియోలోని రెడ్ లేక్ ప్రాంతంలో రూబికాన్ సంస్థ ఫీనిక్స్ ప్రాజెక్టుకు 2013లో అన్ని తరగతులూ కలిపి 33 లక్షల ఔన్సులకు పైగా వనరు లెక్కగట్టారు. మిల్లు కట్టారు, ఉత్పత్తి మొదలుపెట్టారు, 2015 చివర్లో ఆపేశారు. 2016 జనవరిలో కొత్త లెక్క వచ్చింది: 4 లక్షల ఔన్సుల పైచిలుకు. దాదాపు 88 శాతం పోయింది. దొంగతనం లేదు, ల్యాబు తప్పు లేదు. భూగర్భం నుంచి దగ్గర దగ్గరగా వేసిన బోర్లు, గొప్ప గ్రేడు ఒక చోటి నుంచి మరో చోటికి అనుకున్నట్టు సాగడం లేదని తేల్చాయి. రెండు బోర్ల మధ్య గీసిన గీతే తప్పయింది.

బ్రూస్‌జాక్: ఇద్దరూ గెలిచిన, ఇద్దరూ ఓడిన వాదం

ఈ చర్చను లోతుగా చదవాలంటే బ్రిటిష్ కొలంబియాలోని బ్రూస్‌జాక్‌ను మించిన ఉదాహరణ లేదు. ప్రీటియం కంపెనీ అక్కడ వ్యాలీ ఆఫ్ ద కింగ్స్ అనే మండలంలో బోర్లు వేసింది. కొన్ని బోర్లలో టన్నుకు వేల గ్రాముల స్థాయి ఫలితాలు, వాటి చుట్టూ దాదాపు శూన్యం. స్నోడెన్ అనే సలహా సంస్థ దీన్ని విస్తారమైన సిరల అల్లికగా చూసి, ఆ అతి గొప్ప విలువలకూ గణాంకాల్లో తగిన చోటిచ్చి వనరు లెక్క చేసింది. దాన్ని సరిచూడటానికి 10 వేల టన్నుల రాయి తవ్వి మిల్లు పట్టే పని పెట్టుకున్నారు. ఆ పర్యవేక్షణకు వచ్చింది బుసాంగ్‌ను బయటపెట్టిన స్ట్రాత్‌కోనాయే.

2013 అక్టోబరులో స్ట్రాత్‌కోనా మధ్యలోనే తప్పుకుంది. తవ్విన ప్రతి విడత నుంచీ చిన్న నమూనాలు తీసి చూసిన ఫలితాలు అంచనాతో కలవడం లేదని, ఆ మండలంలో చెల్లుబాటయ్యే వనరే లేదని దాని వాదన. ప్రీటియం మాత్రం ముతక బంగారంలో చిన్న నమూనా నమ్మదగినది కాదని, మొత్తం రాయి మిల్లులో పడ్డాకే మాట్లాడాలని పట్టుబట్టింది. షేరు ధర కుప్పకూలింది. చివరకు మిల్లు లెక్క వచ్చింది: అంచనా దాదాపు 4 వేల ఔన్సులైతే, వచ్చింది 5,865 ఔన్సులు. ప్రీటియం గెలిచిందన్నారు. అయితే ఆ బంగారంలో పెద్ద వాటా క్లియోపాత్రా అనే ఒక్క సన్నని సిర నుంచి వచ్చింది. అది అల్లిక వాదాన్ని బలపరుస్తుందా, విడి సిరల వాదాన్నా? ఎవరికి వారు తమదేనన్నారు.

గని 2017లో ఉత్పత్తిలోకి వచ్చింది, లాభాలూ చూసింది. 2014 అధ్యయనంలో టన్నుకు దాదాపు 16 గ్రాములున్న నిల్వల గ్రేడు 2020 నాటికి సుమారు 8 గ్రాములకు తగ్గింది. నిల్వలు 70 లక్షల ఔన్సుల దరి నుంచి 42 లక్షలకు దిగాయి. అక్కడ గని లేదన్నవారు తప్పారు, ఇంత గొప్ప గని అన్నవారూ తప్పారు. పదివేల టన్నులు కూడా ఈ రాతికి చిన్న నమూనాయే అయ్యింది. ఈ పాఠాన్ని ఇప్పటికీ చాలామంది ఒప్పుకోరు.

దీనికి పూర్తి విరుద్ధంగా సాగింది ఆస్ట్రేలియాలోని ఫోస్టర్‌విల్. అక్కడి బంగారం సల్ఫైడ్ ఖనిజాల్లో సూక్ష్మంగా ఇమిడి ఉండేదన్నది స్థిరపడిన అభిప్రాయం. లోతు బోర్లలో కంటికి కనిపించే బంగారం, పలుగు సిరల్లో, తగిలింది. స్వాన్ మండలం వల్ల 2019లో ఉత్పత్తి 6 లక్షల ఔన్సులు దాటింది. ముతక బంగారం అనగానే అంచనా తగ్గించుకోవాలన్న అలవాటు అక్కడ పనికిరాలేదు.

కంప్యూటరు గీసే గీత

2000ల తొలి ఏళ్ల నుంచి మరో మార్పు వచ్చింది. ఒకప్పుడు భూగర్భ శాస్త్రజ్ఞుడు కోత తర్వాత కోతగా చేత్తో గీతలు కలిపేవాడు, నెలలు పట్టేది. ఇప్పుడు లీప్‌ఫ్రాగ్ లాంటి సాఫ్ట్‌వేర్లు బోర్ల అంకెల నుంచి గణిత ప్రమేయాలతో ఖనిజపు ఆకారాన్ని నిమిషాల్లో అల్లుతాయి. సమర్థకులు చెప్పే లాభం వాస్తవమే: ఒకే డేటాతో అయిదారు ఊహలు పక్కపక్కన పెట్టి చూడవచ్చు, కొత్త బోరు రాగానే తిరిగి గీయవచ్చు. ఆచరణలో తరచూ ఒక్కటే గీస్తారు. అంకెలకు దిశ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ గుండ్రటి ఉబ్బులు గీస్తుంది, తప్పు దిశ చెబితే నున్నని, నమ్మించే తప్పును గీస్తుంది. చేతి గీతలో సందేహం కనిపించేది. ఈ నున్నదనంలో అది కనిపించదు.

తేలనివి

అతి గొప్ప విలువలను ఎంతకు కత్తిరించి సగటు కట్టాలన్నది మొదటి తగాదా. 600 గ్రాముల ఫలితాన్ని 50కి కోస్తే మంచి షూట్ చచ్చిపోతుంది, కోయకపోతే ఒక్క గింజ పది దిమ్మలకు పాకుతుంది. కోత ఎక్కడ అన్నదానికి పద్ధతులు అరడజను, ఏకాభిప్రాయం శూన్యం. దానికన్నా ముఖ్యం, ఆ గొప్ప విలువలను విడి మండలంగా గీయడానికి భౌగోళిక ఆధారం ఉందా అన్న ప్రశ్న. ఆధారం ఉన్న చోట కత్తిరింపు తగాదా చాలావరకు చల్లబడుతుంది.

బోర్ల మధ్య దూరం రెండోది. 40 మీటర్ల చదరంలో అర కోర్ ప్రతినిధిత్వం వహించే వైశాల్యం దాని అడ్డుకోత కన్నా సుమారు 18 లక్షల రెట్లు. 20 మీటర్లకు తగ్గిస్తే ఖర్చు నాలుగింతలు, అయినా షూట్ 8 మీటర్ల వెడల్పుదైతే అది చాలదు. తక్కువ బోర్ల ఆధారంతో లెక్కగట్టిన 'అనుమానిత' తరగతి వనరును ఆర్థిక లెక్కల్లో ఎంత నమ్మాలన్నదీ ఇందులోంచే పుడుతుంది.

మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, చర్చకు అతి తక్కువగా వచ్చేది. తమ చిత్రం తప్పని తేల్చగల బోరును ఎవరు వేస్తారు? ఖనిజం ఆగిపోవాలని ఆ చిత్రం చెప్పిన చోట, షూట్‌కు అడ్డదిశలో, రెండు మంచి బోర్ల సరిగ్గా నడుమ వేసే బోరు అది. ఒక్కో బోరుకు పెద్ద మొత్తం అవుతుంది, చెడువార్తకు డబ్బిచ్చే వాటాదారు లేడు. జోర్క్ 2012 కూర్పు ప్రతి అంశం మీదా చెప్పు, చెప్పకపోతే ఎందుకో చెప్పు అంటుంది. కానీ ఎక్కడ బోరు వేయలేదో, ఎందుకు వేయలేదో అడిగే గడి ఏ పట్టికలోనూ గట్టిగా లేదు. ఫీనిక్స్‌లో అలాంటి బోర్లు మిల్లు కట్టకముందే పడి ఉంటే కథ వేరుగా ఉండేది.

మన పట్టీల్లో

ఈ చర్చ తెలుగు నేలకు దూరమైనది కాదు. కర్ణాటకలోని హట్టి గనిని నడిపే సంస్థ 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్‌గా పుట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోని రామగిరి, చిగర్‌గుంట, బిసానత్తం గనులను భారత్ గోల్డ్ మైన్స్ నడిపింది, 2001లో కోలారుతో పాటే ఆ దశ ముగిసింది. జొన్నగిరి పట్టీలో ఇప్పుడు ప్రైవేటు రంగం ఉంది, చిగర్‌గుంట–బిసానత్తం వేలంలో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కింది. అన్ని చోట్లా భూగర్భం కోలారు తరహాదే: షియర్లు, మడతలు, సన్నని సిరలు.

2015 నుంచి మన దేశంలో ఖనిజ బ్లాకులు సాధారణంగా వేలంలోనే ఇవ్వాలి. ప్రాథమిక పరిశీలన జి4 నుంచి వివరమైన అన్వేషణ జి1 వరకు నాలుగు దశలు నిర్ణయించారు. ఇనుప ఖనిజానికో సున్నపురాయికో ఈ దశలు చక్కగా నప్పుతాయి. ముతక బంగారానికి నప్పుతాయా అన్నది సందేహం. దశ ఎంత ముందుకెళ్లిందో ప్రధానంగా బోర్ల దూరాన్ని బట్టి నిర్ణయించే పద్ధతిలో, బోర్లు దగ్గరైనంత మాత్రాన షూట్ దిశ తెలిసినట్టు కాదు. వేలంలో పాడుకునేవాడికి టన్నులు, సగటు గ్రేడు కన్నా, కోర్ దిశ కొలతలూ సగం కోర్ ఉన్న పెట్టెలూ ముఖ్యం. 2023లో మొదలైన జాతీయ భూవిజ్ఞాన సమాచార పోర్టల్ పాత నివేదికలను ఒకచోట చేర్చడం మంచి అడుగే. పాతగనులున్న పట్టీల్లో ఇంకో ఆస్తి ఉంది: భారత్ గోల్డ్ మైన్స్ కాలంలో సొరంగాల గోడల మీద సిరలను చూసి గీసిన మ్యాపులు. అక్కడ రెండు బోర్ల మధ్య ఖాళీని ఊహించనక్కర్లేదు, మనిషి నడిచి చూసి రాశాడు. కొత్త బోరు దిశ నిర్ణయించే ముందు ఆ మ్యాపులను స్కాన్ చేసి, కొలతలు సరిచూసి, బ్లాకు పత్రాలతో కలిపి ఇవ్వాలని వేలం నిబంధనల్లోనే రాయవచ్చు. దానికయ్యే ఖర్చు రెండు మూడు లోతు బోర్ల ఖర్చును మించకపోవచ్చు.